మరక ఎవరిది?

వాషింగ్ మెషీన్ కొన్నవాళ్ళకి దాంతోపాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఏ బీరువా అరలోనో, కరెంటు బిల్లుల కింద పడి ఉంటుంది. మొదటిరోజు దాన్ని భక్తిగా ప్లాస్టిక్ కవరులోంచి తీస్తాం, బొమ్మలు చూస్తాం, మళ్ళీ అదే కవరులో పెట్టి మరిచిపోతాం. మెషీన్ మొరాయించిన రోజున గాని అది గుర్తుకు రాదు.

నేను నవలలు రాసుకునేదాన్ని. బి.ఏ.లో చదివింది చరిత్రా, తెలుగు సాహిత్యమూను. యంత్రాలంటే గౌరవమే గాని పరిచయం తక్కువ. అలాంటి నేను, చెప్పొద్దూ, ఏ మహాకావ్యాన్నీ చదవనంత శ్రద్ధగా ఆ చిన్న పుస్తకం చివరి నాలుగు పేజీలూ చదివాను. ఆ పేజీల్లో మూడు గళ్ళుంటాయి. మొదటి గడిలో మనకొచ్చిన ఇబ్బంది. రెండో గడిలో దానికి ఉండగల కారణాలు. మూడో గడిలో మనం చెయ్యవలసిన పని. నీళ్ళు నిండటం లేదా? ముందు కుళాయి తిప్పారో లేదో చూసుకోండి. మెషీన్ తిరగటం లేదా? ప్లగ్గు పెట్టారో లేదో, తలుపు సరిగా పడిందో లేదో చూసుకోండి. ఇవన్నీ చూసుకున్న తర్వాతే మెకానిక్కుకి ఫోన్ చెయ్యండి.

ఎంత మర్యాదో చూడండి! 'మెషీన్ పాడైంది' అని అరవబోయే మన నోటిని ఆపి, 'అమ్మా, ముందు నువ్వేం చేశావో చూసుకో తల్లీ' అని సున్నితంగా చెబుతుందా పుస్తకం. నాకు నీతిశతకాలు నేర్పలేనిది ఆ మూడు గళ్ళూ నేర్పాయి. ఎలా నేర్పాయో చెబుతాను, వినండి.

మా ఇంటికి మెషీన్ వచ్చింది 2018లో. ముందు తలుపున్న రకం. ముప్ఫై వేలకి దగ్గరగా అయింది. దాన్ని బిగించిన రోజున మా అత్తగారు కుర్చీ తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చున్నారు. గాజుతలుపు వెనక మావారి చొక్కాలూ, మా అమ్మాయి యూనిఫారాలూ గిరగిరా తిరుగుతుంటే ఆవిడ సినిమా చూసినట్టు చూశారు. ఇంటర్వెల్ కి కూడా లేవలేదు. హాన్స్ రోస్లింగ్ అని స్వీడన్ దేశపు ప్రొఫెసరు 2010లో ఒక ఉపన్యాసంలో ఇలాంటి సంగతే చెప్పాడు. వాళ్ళింట్లో మొదటిసారి మెషీన్ వచ్చినప్పుడు వాళ్ళ నాయనమ్మో అమ్మమ్మో, ఆ పెద్దావిడే బటన్ నొక్కి, ఉతుకు పూర్తయ్యేదాకా దాని ముందే కూర్చుందిట. తర్వాత వాళ్ళమ్మ బట్టలు మెషీన్ లో పడేసి, మిగిలిన సమయంలో కొడుకుని లైబ్రరీకి తీసుకువెళ్ళేదిట. బట్టలు వేస్తే పుస్తకాలు ఇచ్చే యంత్రం అని ఆయన ధోరణి. అది వింటే నాకు కళ్ళు చెమర్చాయి. నా నవలలో రెండు ప్రకరణాలు మెషీన్ తిరిగే చప్పుడులో రాసినవే మరి.

అయితే ఒక తేడా ఉంది. ఆయన కథలో అంతకుముందు బట్టలు ఉతికిన చేతులు వాళ్ళమ్మవే. మెషీన్ మిగిల్చిన సమయం ఆవిడకే దక్కింది. మా ఇంట్లో ఉతికిన చేతులు నావి కావు. మా మెషీన్ నాకు మిగిల్చిన దానికంటే మరొకరి దగ్గర తీసుకున్నదే ఎక్కువ. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మెషీన్ పెట్టిన తిప్పలు వినండి. రెండోరోజే అది గదంతా నడవటం మొదలుపెట్టింది. పిండే వేళకి దడదడమంటూ జానెడు ముందుకు జరిగింది. 'దెయ్యం పట్టిందే' అన్నారు అత్తగారు. పుస్తకం తీశాను. కింద కాళ్ళు నాలుగూ సమానంగా నేలకి ఆనకపోతే అలా ఊగుతుందిట. లోపల ఒక్క దుప్పటి మాత్రమే వేసినా, అది ఒక పక్కకి ముద్దయి బరువు కుదరక ఊగుతుందిట. రవాణాలో కదలకుండా వెనక బిగించిన బోల్టులు తియ్యకపోయినా అంతే. మా బోల్టులు తీసే ఉన్నాయి. నేను వేసింది మాత్రం తడిస్తే మణుగు బరువుండే ఒక్క సోలాపూర్ దుప్పటి. దెయ్యం నేనేనన్నమాట.

తర్వాత నల్ల చుడీదారు మీద తెల్ల చారలు. పౌడరు మంచిది కాదేమోనని ఇంకో చెంచా ఎక్కువ వేశాను. చారలూ ఎక్కువయ్యాయి. పుస్తకం ఏమంటుందంటే, పౌడరు ఎక్కువైతే నురుగు ఎక్కువై బట్టలు ఒకదానికొకటి రాసుకోవు, మురికి పోదు, జాడింపులో సబ్బూ పూర్తిగా పోదు. డ్రమ్ము కుక్కి నింపినా అంతే. పైన ఒక బెత్తెడు ఖాళీ ఉండాలి. దానికితోడు మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళ కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండటం మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. అలాంటి గట్టినీళ్ళలో సబ్బు నురగదు, తెట్టు కడుతుంది, బట్ట బిరుసెక్కుతుంది, తెలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. మెషీన్ లోపలి హీటరుకి కూడా కాఫీ కాచే గిన్నెకి పట్టినట్టు గార పడుతుంది. అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు వేసి బట్టలు లేకుండా వేడినీళ్ళతో ఒకసారి తిప్పితే ఆ గార వదులుతుంది.

ఆ తర్వాత వాసన. ఉతికిన బట్టలే ముక్కిపోయిన వాసన. చూడబోతే, ఉతుకు కాగానే తలుపు బిగించేస్తున్నది నేనే. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో తడి నిలిచి బూజు పడుతోంది. తలుపు కాస్త తెరిచి ఉంచి, రబ్బరు మడత తుడిచి, నెలకోసారి 60 డిగ్రీల వేడిలో ఖాళీగా తిప్పితే వాసన పోయింది. నీళ్ళు బయటికి పోకపోతే కింది ఫిల్టరు విప్పాను. అందులోంచి రెండు హెయిర్ పిన్నులు, ఒక రూపాయి బిళ్ళ, అమ్మాయి జేబులో మరిచిపోయిన చాక్లెట్ కాగితం బయటపడ్డాయి.

ఒకసారి మాత్రం నిజంగానే భయపడ్డాం. అత్తగారి పసుపు మరకల చీరె సబ్బునీళ్ళలో పడగానే ఆ మరకలు ఎర్రగా అయిపోయాయి. మా అమ్మాయి 'రక్తం!' అని కేకేసింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడటం సహజం. ఆ క్షారం పోతే మళ్ళీ పసుపే. పూర్తిగా పోవాలంటే ఎండలో ఆరేస్తే చాలు, ఆ రంగు వెలుతురికి నిలవదు. పాలూ, గుడ్డూ, రక్తమూ పడ్డ మరకలు మాత్రం చన్నీళ్ళలోనే ముందు కడగాలి. వేణ్ణీళ్ళలో వేస్తే అవి ఉడికి బట్టకి అతుక్కుపోతాయి. ఇవన్నీ మన అమ్మమ్మలకి తెలిసినవే. మనం మరిచిపోతే పుస్తకం గుర్తుచేసింది.

ఇన్ని తిప్పల్లో మెషీన్ తప్పు ఒక్కటీ లేకపోవటం మీరు గమనించారా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను ప్రతిసారీ దాన్ని తిట్టుకున్నాను. ప్రతిసారీ పుస్తకం నన్ను నా దగ్గరికే తిప్పి పంపింది. నవ్వుకున్నాను కూడా. నవ్వు ఆగిపోయింది మూడో వారంలో.

ఆ రోజు మావారి తెల్ల లాల్చీ తీసి దులిపాను. గుండెల దగ్గర, భుజం మీద, అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు. ఆవగింజంత కొన్ని, కందిగింజంత కొన్ని. ఆ మరకలు నాకు కొత్త కాదు. అయిదేళ్ళుగా తెలుసు. వాటిని నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. అవి మా ఇంట్లో 'ఆవిడ చేసే మరకలు'.

ఆవిడ అంటే 2006లో మేం హైదరాబాదులో కాపురం పెట్టినప్పటినుంచి పన్నెండేళ్ళపాటు మా ఇంటికి వచ్చి, పెరట్లో బండ మీద మా బట్టలు ఉతికిన మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను 'నువ్వు' అనేదాన్ని, తను 'అమ్మా' అనేది. పుట్టిన ఊళ్ళో వాళ్ళమ్మతో కలిసి రేవుకి వెళ్ళి, బానలో బట్టలు ఉడకబెట్టి, నల్లజీడి గుర్తు చూసి ఏ బట్ట ఏ ఇంటిదో చెప్పిన చెయ్యి. వంద ఇళ్ళ బట్టలు కలిపి ఉతికినా ఒక్క రుమాలు తప్పిపోనివ్వని జ్ఞాపకం వాళ్ళది. మనం మాత్రం వేసినవి ఇన్ని, వచ్చినవి ఇన్ని అని చాకలిపద్దు రాసుకుంటాం.

నేనూ రాశాను. నా పద్దు పుస్తకంలో చివర ఒక గీత గీసి ఇంకో వరస పెట్టాను. 2013లో మొదటిసారి ఈ చుక్కలు కనిపించినప్పటినుంచి ఆ వరసలో పదులు పడుతూ వచ్చాయి. తెల్లబట్ట మీద మరక కనిపిస్తే పది రూపాయలు కోత. 'ఎక్కడో తుప్పు బకెట్టులో నానేస్తోంది' అన్నారు అత్తగారు. 'తీగ మీద ఆరేస్తోందేమో' అన్నారు మావారు. 'కాస్త ఒళ్ళు వంచి రుద్దమనండి' అన్నాను నేను. బ్లీచింగ్ ద్రావకం సీసా తెచ్చి చేతికిచ్చి, మరకలు పోయేదాకా రుద్దించాను. పోలేదు సరికదా ఎక్కువయ్యాయి. ఎక్కువైనందుకు మళ్ళీ పది రూపాయలు. మెషీన్ కొనటానికి కారణాలు చెప్పుకున్నప్పుడు, 'కనీసం ఈ మరకల బాధ తప్పుతుంది' అన్న మాట కూడా మా ఇంట్లో గట్టిగానే వినిపించింది. ఆవిడని మానిపించేశాం.

ఇప్పుడు అవే మరకలు. మా మెషీన్ లో. కొన్న మూడు వారాలకి.

మేమేం చేశామో చెప్పనా? కంపెనీకి ఫోన్ చేశాం. గ్యారంటీ కార్డు తీశాం. 'పాపం కొత్త మెషీన్, ఏమైందో' అని కంగారు పడ్డాం. మర్నాడు ఒక కుర్రాడు వచ్చాడు. మెషీన్ ని విప్పనైనా విప్పలేదు. వెనక నీళ్ళగొట్టం ఊడదీసి, దాని మొదట్లో ఉండే చిన్న జల్లెడని అరచేతిలో బోర్లించాడు. తుప్పు పెళ్ళలు రాలాయి.

"మెషీన్ ది కాదండీ, మీ నీళ్ళది" అన్నాడు.

తెల్ల బకెట్టులో బోరు నీళ్ళు పట్టి రేపటిదాకా కదపకుండా ఉంచి చూడమన్నాడు. పట్టినప్పుడు కన్నీళ్ళంత తేటగా ఉన్న నీళ్ళు తెల్లవారేసరికి టీ డికాక్షన్ కి నాలుగు చుక్కలు కలిపినట్టయ్యాయి. నీళ్ళలో కరిగిన ఇనుము కంటికి కనబడదు. గాలి తగిలితే తుప్పుగా మారి బయటపడుతుంది. దానికితోడు మా ఇంటి జి.ఐ. పైపులు పాతబడి లోపల తుప్పు పట్టాయి. లీటరు నీళ్ళలో ఇనుము 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకీ, సింకులకీ మరకలు పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళే రాశారు. చెంచా కొసకైనా రాని తూకం అది!

వెళ్ళబోతూ కుర్రాడు ఇంకో మాట అన్నాడు. "మరకల మీద బ్లీచింగ్ మాత్రం వెయ్యకండి మేడమ్. ఇనుముకి అది పడితే మరక ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టండి."

అయిదేళ్ళు నేను చేతికిచ్చి రుద్దించింది దేన్నో మీకు గుర్తుందిగా. రోగమూ మాదే, మందూ మాదే. శిక్ష మాత్రం ఆవిడది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒకే మరక. ఒకే ఇల్లు. ఒకే నీళ్ళు. మనిషి ఉతికినప్పుడు కనబడితే అయిదేళ్ళు ఎవరం ఆలోచించలేదు. మెషీన్ ఉతికినప్పుడు కనబడితే ఒక్క రోజులో అసలు సంగతి తేలిపోయింది. యంత్రం దగ్గర కారణం వెతికాం. మనిషి దగ్గర నేరం వెతికాం. మెషీన్ కి మూడు గళ్ళ పుస్తకం ఉంది. ఇబ్బంది, కారణం, పరిష్కారం. మనుషులకి మనం పెట్టుకున్నవి రెండే గళ్ళు. తప్పు, శిక్ష. మధ్యలో ఉండవలసిన గడి ఏమైంది?

ముప్ఫై వేలు పోసి కొన్నాం కాబట్టి మెషీన్ ని నమ్మాలనిపించింది. నెలకి ఇంతని ఇచ్చే మనిషిని అనుమానించాలనిపించింది. డబ్బు ఎక్కువ పోసినదాని మీద నమ్మకం ఎక్కువ ఉండటం లోకసహజమే కావచ్చు. అయితే అది న్యాయం ఎలా అవుతుంది?

అన్నట్టు, చాకలి అనగానే మనకి గుర్తొచ్చే కథ ఒకటుంది. సీతమ్మ మీద నింద వేసింది ఒక చాకలివాడని, ఆ మాట పట్టుకునే రాముడు ఆమెని అడవికి పంపాడని చిన్నప్పటినుంచీ వింటున్నాం. వాల్మీకి పేరనున్న ఉత్తరకాండ తీసి చూడండి. అక్కడ చాకలివాడు లేడు. భద్రుడనేవాడు రాముడికి చెప్పేది ఊరిజనం వీధుల్లోనూ అంగళ్ళలోనూ అనుకుంటున్న మాట. చాకలి తర్వాతి కథల్లో వచ్చి చేరాడు. అంటే ఏమిటన్నమాట? ఊరు ఊరంతా వేసిన నిందని, తర్వాతి కాలంవాళ్ళు తెచ్చి ఒక్క చాకలి నెత్తిన పెట్టారు. యుగాల తరబడి మనం 'చాకలి మాట' అంటూ చెప్పుకుంటున్నాం. ఊరు కడిగేసుకుంది. మరక ఆయనకి మిగిలింది.

మా ఇంట్లో జరిగింది ఇంతకంటే వేరేమీ కాదు. నింద ఎప్పుడూ వాలు చూసుకునే పారుతుంది. అందరికంటే దగ్గరగా ఉండి, అందరికంటే తక్కువగా ఎదురు చెప్పగలవాళ్ళ దగ్గర ఆగుతుంది.

ఈ మాటే మావారితో అంటే ఆయన తేలిగ్గా తీసుకున్నారు. "మనకి తెలిసి చేశామా? తెలియక చేసింది తప్పెలా అవుతుంది? పైగా నీ పది రూపాయలకి ఆవిడ బికారి అయిపోలేదులే" అన్నారు. న్యాయంగానే ఉన్నట్టుంది గదూ? నేనూ రెండు రోజులు ఆ మాటని అడ్డం పెట్టుకున్నాను. నీళ్ళలో ఇనుము ఉందని బి.ఏ. చదివిన నాకెలా తెలుస్తుంది? తెలియకపోవటం నా తప్పు కాదు, నిజమే.

మూడోరోజుకి ఆ అడ్డం నిలవలేదు. తెలియకపోవటం తప్పు కాదు గాని, తెలియకుండానే తెలిసినట్టు తీర్పు చెప్పటం తప్పే. తెలియనివాళ్ళు అడగాలి. నేను అడగలేదు. 'ఈ మరకలు ఎందుకొస్తున్నాయంటావు?' అని ఒక్కసారి ఆ ఉతికే మనిషినే అడిగి ఉంటే? డాక్టరుని జ్వరం గురించి అడుగుతాం, కంసాలిని బంగారం గురించి అడుగుతాం. బట్టల గురించి, నలభై ఏళ్ళుగా బట్టలే ఉతుకుతున్న మనిషిని అడగాలని తట్టకపోవటాన్ని అజ్ఞానం అని సరిపెట్టుకోలేం. దానికి వేరే పేరుంది. రాయటానికి నాకు సిగ్గుగా ఉంది.

పద్దు పుస్తకం తీసి కోతలన్నీ కూడాను. 640 రూపాయలు తేలింది. అవి కొంగున కట్టుకుని వెళ్ళాను. ఆవిడ మా వీధి చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకుంది. వెళుతూ ఇంకో సంశయం. ఈ క్షమాపణ ఎవరికోసం? ఆవిడ మరిచిపోయి ఉంటే, గుర్తుచేసి మళ్ళీ నొప్పించటం కాదా? నా గుండె బరువు దించుకోవటానికి ఆవిడ ఎండలో నిలబడి వినాలా? ఉతుక్కోవటానికి మళ్ళీ నా మురికి ఆవిడ దగ్గరికే తీసుకెళుతున్నానా? సగం దారిలో ఆగాను కూడా. అయినా వెళ్ళాను. ఎందుకంటే ఆ డబ్బు నాది కాదు. క్షమాపణ సంగతి ఎలా ఉన్నా అప్పు అప్పే.

ఆవిడ ఒక చొక్కాకి కాలరు తిప్పి ఇస్త్రీ చేస్తోంది. నేను చెప్పవలసినదంతా తడబడుతూ చెప్పాను. మెషీన్, మరక, కుర్రాడు, బోరు నీళ్ళు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నీళ్ళదే అని నాకు ఎర్కనే అమ్మా" అంది.

"ఎలా తెలుసు?"

"పక్క గల్లీల రెండిండ్ల బట్టలు గూడ నేనే ఉతుకుదును గదా. చేతులు అవే, సబ్బు అదే. వాండ్ల బట్టలకు లేని మరక మీ బట్టలకే ఎందుకొస్తది? వాండ్లది మంజీర నీళ్ళు, మీది బోరు నీళ్ళు."

ప్రయోగశాలల్లో చేసేది ఇంతకంటే ఏముంది చెప్పండి! అన్నీ ఒకటే ఉంచి, ఒక్కటి మార్చి చూడటం. నేను చదివిన చదువు పక్కనే ఉండగా, మా పెరట్లో బండ మీద ఆ ప్రయోగం జరిగిపోయింది.

"మరి మాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతులో ఇంకా కొంచెం నింద ఉందేమో.

"చెప్పిన గదా. ఒక్కసారి చెప్పిన. 'పని చాతకాక నీళ్ళ మీద పెడ్తున్నవ్' అన్నది పెద్దమ్మ. మీరు గూడ ఆడ్నే ఉన్నరు. మళ్ళ చెప్తే ఇల్లు పోతదని ఊకున్న. ఇల్లు పొయ్యేదానికన్న పది రూపాలు పోవుడు నయమనుకున్న." ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, చొక్కా మడత వేసింది. "ఆఖరికి ఇల్లు గూడ పాయె."

నేను అక్కడే ఉన్నానట. విన్నానట. నాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఆవిడ అడగకముందే చెప్పిందన్నమాట. నేను అడగలేదని ఇంతసేపూ బాధపడ్డాను. నిజానికి నేను చేసింది అంతకంటే పెద్దది. చెప్పిన మాటని చెవిన పెట్టలేదు.

"తప్పయింది" అన్నాను. ఆవిడ 'పోనీలెండమ్మా' అంటుందని నాలో ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. నా నవలల్లో అయితే ఆ మాట అనిపించి, ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు పెట్టించి, ప్రకరణం ముగించేదాన్ని. ఆవిడ అనలేదు. ఇంకో చొక్కా పరిచి నీళ్ళు చిలకరించింది.

కొంగు ముడి విప్పి డబ్బు చేతికిచ్చాను. లెక్కపెట్టింది.

"ఎంతమ్మా ఇవి?"

"ఆరువందల నలభై. పద్దులో చూసి తెచ్చాను."

"ఏడువందల నలభై" అంది నెమ్మదిగా. "బోనాల పండుగప్పుడు పెద్దసారు ధోతికి మరకైతదని ఒక్కసారే నూరు పట్టుకున్నరు. అది మీ పుస్తకంల రాయలేదేమో. నాకు యాదుంది."

నిజమే. ఆ నెల పద్దు రాయలేదు నేను. ఇంటికి వెళ్ళి మరో వంద తెచ్చి ఇచ్చాను. తీసుకుని గళ్ళా పెట్టెలో వేసింది. "మళ్ళీ మా ఇంటికి ఉతకటానికి వస్తావా... వస్తారా?" అని అడిగాను. మోకాళ్ళు నొప్పులనీ, కూచుని ఉతకలేననీ చెప్పింది. ఇస్త్రీకైతే పంపమంది. ఈ సంగతి ఎప్పుడైనా రాసుకోవచ్చా అని అడిగితే, "రాసుకోండ్రి, నా పేరు మాత్రం పెట్టకుండ్రి" అంది. అందుకే పెట్టలేదు.

తిరిగివస్తూ నా గుండె తేలికపడిందా అంటే, లేదు. అది మంచిదేననిపిస్తుంది ఇప్పుడు. ఒక్క మాటతో తేలికపడే బరువైతే అది బరువే కాదు. డబ్బు ఇచ్చాను. పోయిన పని ఇవ్వలేకపోయాను. అయిదేళ్ళు రోజూ మా గుమ్మంలోకి వచ్చి, దొంగపని చేసినదానిలా తెల్లబట్టలు నా ముందు విప్పి చూపించిన ఆ ఉదయాలని ఎలా తిరిగి ఇస్తాను? తుప్పు మరకకి నిమ్మరసం ఉంది. దీనికి ఏ గడిలోనూ పరిష్కారం రాసిలేదు. మళ్ళీ పడకుండా చూసుకోవటం ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత పాత పైపులు తీయించి ప్లాస్టిక్ వి వేయించాం. ట్యాంకు కడిగించాం. బోరు నీళ్ళకి ఇనుము వడగట్టే ఫిల్టరు పెట్టించాం. మరకలు పోయాయి. పద్దు పుస్తకంలో ఇస్త్రీ బట్టల లెక్క ఇప్పటికీ రాస్తున్నాను. చివరి వరస మాత్రం గియ్యటం లేదు.

మొన్న మా అమ్మాయి కాలేజీకి వెళ్ళే హడావిడిలో గదిలోంచి అరిచింది. "అమ్మా, నా సాక్సు ఒకటి లేదు. ఆ పనమ్మాయే ఎక్కడో పారేసి ఉంటుంది."

నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను. కోపం రాలేదు. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే.

"మెషీన్ తలుపు దగ్గర రబ్బరు మడతలో చెయ్యి పెట్టి చూడు ముందు" అన్నాను.

పెట్టింది. రెండు వేళ్ళతో తడి సాక్సు బయటికి లాగింది. నా వంక చూసి నాలుక కరుచుకుంది. పనమ్మాయి గిన్నెలు తోముతూ ఇదంతా వింటూనే ఉంది.

"నాకు కాదు," అన్నాను అమ్మాయితో, "అక్కడికి వెళ్ళి చెప్పు."

వెళ్ళింది.